వెనక వరసలో అమ్మ

హైదరాబాదు ఇంకా వేరే రాష్ట్రంగా ఉన్న రోజుల్లో, గుంటూరు నుంచి మిషన్ సభలకు వెళ్లి, అబిడ్స్‌లో ఒక ఫోటో స్టూడియో మెట్లెక్కాను. మిషన్ దొరసాని ఇచ్చిన కెమెరాతో మా చర్చి ముందు నేను తీసిన గుంపు ఫోటో నెగటివ్ నా చేతిలో ఉంది. అందులోంచి, ఈమధ్యే పోయిన మా అమ్మ ముఖాన్ని పెద్దది చేయించాలి. ఆమెకు వేరే ఫోటో లేదు.

ముసలి స్టూడియో ఆయన దాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. వెనక వరసలో అమ్మను చూపించాను. "ముందల కూసున్నోళ్ల మీసాల ఎంట్రుకలు లెక్కపెట్టొచ్చు బిడ్డా. మీ అమ్మ పొగ లెక్కుంది. కెమెరా కన్నానికి ఎంత నంబరు పెట్టినవ్?"

"నాలుగున్నర. కన్నం చిన్నదైతే అందరూ స్పష్టంగా పడతారన్నారు. అందుకే చిన్న అంకె పెట్టాను."

నలభై దాటాక అక్షరాలూ అంకెలూ నేర్చుకున్నదాన్ని. ఆ అంకె చదవగలిగినందుకే ఆరోజు పొంగిపోయాను.

"గదంత ఉల్టా. అంకె పెరిగితే కన్నం చిన్నగైతది. పదహారు పెడితే వెనకోళ్లు గూడ సాఫ్ వచ్చెటోళ్లు. గని తల్లిని గంత వెనక ఎవరు నిలబెట్టిన్రు? మా ఇండ్లల్ల ఆమెకే ముందుగాల కుర్సీ ఏస్తరు."

పాస్టరుగారికీ ఊరి పెద్దలకీ కుర్చీలు వేసింది నేనే. అమ్మ ముందుకు రాబోతే, "నువ్వు మనింటి మనిషివేగా, వెనక నిలబడు" అన్నదీ నేనే. ఇంటికొచ్చాక, అమ్మ ముఖం మసకగా ఉందేమని అడిగినవాళ్లందరికీ నంబరు తప్పిందని మాత్రమే చెప్పాను.