మామయ్య చూపించే దగ్గరిదారి

మామయ్యను దారి అడగకూడదు. అడిగితే దారి చెప్పడు, చరిత్ర చెబుతాడు.

ఆ రాజధాని ఎంత చిన్నదంటే, రైలు కూత సచివాలయంలో కునుకు తీసేవాళ్లను లేపుతుంది. స్టేషన్ నుంచి నడిస్తే ఏడు నిమిషాలు. కానీ ఫైలు పనిమీద వచ్చినవాళ్లు మామయ్య కంటపడితే అయిపోయినట్టే! "రండి, దగ్గరిదారి చూపిస్తా" అని మిల్లు వీధి వెంట తిప్పి, గంటకు గానీ వదిలేవాడు కాదు.

"ఇదిగో, ఈ టైలరు కొట్టు ముందే మొదటి పాలకుడి గుర్రం మొరాయించింది. అది కదలకపోబట్టే రాజధాని ఇక్కడ పెట్టారు!"

"గుర్రం సంగతి సరేనండీ, అక్కడ ఆఫీసరు వెళ్లిపోతాడేమో!"

"వస్తే కదటయ్యా, వెళ్లడానికి!"

సచివాలయంలో గుమాస్తాగా ఉన్న మేనకోడలికి తల కొట్టేసినట్టుండేది. చెమటలు కక్కుతూ వచ్చినవాళ్లంతా మొరపెట్టుకునేది ఆమె బల్ల ముందే మరి.

ఒకరోజు మామయ్య చరిత్ర చెబుతూ వెనక్కి నడిచి నడిచి కాలవలో పడ్డాడు. చీలమండ బెణికింది. మూడు వారాలు కాలు కింద పెట్టొద్దన్నాడు డాక్టరు. "హమ్మయ్య!" అనుకుంది మేనకోడలు.

నాలుగో రోజు ఉదయమే టైలరు, చెప్పులు కుట్టే తాత, టీ కొట్టు అక్క ఇంటికొచ్చారు.

"అయ్యగారు ఎప్పుడు లేస్తారమ్మా?" అంది టీ కొట్టు అక్క.

"ఆయన నడవకపోతే మీకేం నష్టం?"

"అలా అంటావేంటమ్మా! మిల్లు మూతపడ్డాక మా వీధి మొహం చూసేదెవరు? అయ్యగారు తిప్పి తెచ్చినవాళ్లే మా బేరం. దాహమేస్తే నా టీ, చెప్పు తెగితే తాత కుట్టు, గుండీ ఊడితే ఈయన సూది. నాలుగు రోజులుగా ఈగలు తోలుకుంటున్నాం."

మేనకోడలు గదిలోకి తొంగి చూసింది. లోపల మామయ్య దుప్పటి ముసుగేసుకుని, లేని గురక తీస్తున్నాడు.

మర్నాడు ఆమె గంట ముందే స్టేషనుకు వెళ్లింది. సచివాలయానికి దారి అడిగిన ముసలి దంపతులను మిల్లు వీధికి తీసుకెళ్లింది. ఒకప్పటి పడవల రేవు, పత్తి వ్యాపారం, మిల్లు, చివరికి మిగిలిన ఫైళ్లు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. వాళ్లు చెరో టీ తాగారు.

సాయంత్రం ఆ సంగతి గొప్పగా చెప్పుకుంది.

"ఎంతసేపు ఆపగలిగావు?" అడిగాడు మామయ్య.

"పావుగంట."

మామయ్య జాలిగా నవ్వాడు. "ఉన్నదున్నట్టు చెబితే అంతేనే పిచ్చితల్లీ!"