అమ్మ చేతి యాస

చిన్నప్పుడు ఆమెను ఇంట్లోనూ వీధిలోనూ అందరూ వసపిట్ట అనేవారు. తల్లికి పుట్టుకతోనే వినపడదు. గడప దాటితే తల్లికి నోరూ చెవీ రెండూ కూతురే. కూరగాయల కొట్లో బేరం ఆడాలన్నా, ఇంటి ఓనరుతో తగువు పడాలన్నా పిల్ల ముందుండాలి. ఆఖరికి బడిలో పంతులమ్మ తన మీద చేసే ఫిర్యాదు కూడా తానే తల్లికి చేతులతో చెప్పాలి. ఆ ఫిర్యాదును ఎంత ముద్దుగా చెప్పేదంటే, తల్లి మురిసిపోయి పంతులమ్మ చెయ్యి పట్టుకుని ఊపి మరీ వచ్చేది.

తల్లి పోయాక వసపిట్టకు మాట తగ్గిపోయింది. పేరు మాత్రం మిగిలింది. పెద్దమ్మ కొడుకు ఇంట్లో, అన్నావదినలతో ఉంటూ ఒక బట్టల కొట్లో కౌంటర్ దగ్గర పనిచేసేది. ఆ కొట్టు మూతపడింది. రోజూ పొద్దున్నే తయారై పని కోసం తిరగడం, సాయంత్రానికి ముఖం వేలాడేసుకుని రావడం అలవాటైంది.

వదిన పెద్దాసుపత్రిలో నర్సు. ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా వంటింట్లో స్టూలు మీద కూలబడింది.

"మా వార్డులో ఒకావిడ ఉంది. వినపడదు. ఆపరేషన్ సంగతి డాక్టరు రేపు ఆవిడతో మాట్లాడాలి. ఎప్పుడూ వచ్చే దుబాసీ ఊరు మారిపోయాడట. నువ్వు రా."

"నేనా? నేను చదివిందీ లేదు, పరీక్ష రాసిందీ లేదు. అమ్మా నేనూ మాట్లాడుకున్న భాష వదినా అది. కూరలో ఉప్పు తక్కువైంది, వానొస్తోంది బట్టలు తియ్యి. అంతవరకే."

"అసలెవరూ లేకపోవడం కన్నా నయం కదా. ఇది ఉద్యోగం కాదు, పిలిచినప్పుడు వెళ్లడం, పిలవనప్పుడు ఇంట్లో ఉండటం. ఫ్రీలాన్స్ అంటారు. కార్డు కూడా కొట్టిద్దాం. ఏమని రాయించను?"

"ఇంకా నేర్చుకుంటోంది అని రాయించు."

వదిన నవ్వింది కానీ పట్టు వదల్లేదు. "పొద్దుట్నుంచీ ఏది అడిగినా, కాగితం మీద రాసి చూపించినా ఆవిడ తల ఊపుతోంది. అర్థమై ఊపుతోందో, అర్థంకాక ఊపుతోందో ఎవరికీ తెలీట్లేదు."

ఆ తల ఊపడం వసపిట్టకు తెలుసు. కొత్తవాళ్ల ముందు తల్లి అచ్చం అలాగే ఊపేది. ఇక కాదనలేకపోయింది.

మర్నాడు ఆమె వెళ్లేసరికి కర్టెన్ చాటున మంచం మీద ఒక నడివయసు మనిషి కూర్చుని ఉంది. పుస్తకాలు బైండింగ్ చేసే మనిషట. వేళ్ల సందుల్లో ఎండిన జిగురు ఇంకా తెల్లగా కనిపిస్తోంది. డాక్టరు వయసులో చిన్నదే, మర్యాదస్తురాలు, కానీ తొందరలో ఉంది. వసపిట్ట ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

తల్లి పోయిన నాటి నుంచి ఆ చేతులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఇప్పుడు లేచాయి. లేవబోయే ముందు, ఒడిలో ఏదో నలక ఉన్నట్టు రెండుసార్లు దులుపుకున్నాయి. అది తల్లి అలవాటు. తనకూ ఉందని వసపిట్టకు ఆ క్షణం దాకా తెలియదు. ఆ తర్వాత ఒక మాట నుంచి ఇంకో మాటకు ఆగి వెళ్లే తీరు, ప్రశ్న అడిగేటప్పుడు భుజం కొంచెం ముందుకు వంచడం, అన్నీ తల్లివే. తన చేతుల్ని తానే పక్కన నిలబడి చూస్తున్నట్టు అనిపించింది. వీపు మీద చల్లటి గాలి పాకినట్టయింది. వెనక్కి తిరిగి చూడాలనిపించింది, చూడలేదు.

"రొమ్ములో గడ్డ ఉంది," అంది డాక్టరు. "అది మంచి గడ్డ కాదేమోనని మా అనుమానం. తీసి పరీక్షకు పంపుతాం. చెడ్డదని తేలితే రొమ్ము మొత్తం తీసేయాల్సి రావచ్చు."

వసపిట్ట చేతులు చెప్పాయి. మొహం మాత్రం కదలనివ్వలేదు. ఇలాంటి చోట దుబాసీలు బిగుసుకుని ఉండాలేమో అనుకుంది. మంచం మీది మనిషి అంతా శ్రద్ధగా చూసి, తేలిగ్గా ఊపిరి వదిలి చిరునవ్వు నవ్వింది. అలాగే కానివ్వండి అన్నట్టు చెయ్యి ఊపింది.

డాక్టరు లేవబోయింది. వసపిట్ట లేవలేదు. ఆ నవ్వు దగ్గరే ఆమె ఆగిపోయింది. ఆ కబురు విన్నవాళ్లెవరూ అలా నవ్వరు.

"డాక్టరుగారూ, ఒక్క నిమిషం. నేను తప్పు చెప్పాను."

"ఏం చెప్పారు?"

"చెడ్డది అన్నాననుకున్నాను. ఆవిడకలా అర్థం కాలేదు."

డాక్టరు మళ్లీ కూర్చుంది. "మరి ఇప్పటిదాకా ఆవిడకు ఏం అర్థమైనట్టు?"

వసపిట్ట మంచం మీది మనిషిని అదే అడిగింది. ఆవిడ పిడికిలి బిగించి చూపించింది. గడ్డ గట్టిగా ఉందట, తీసేస్తారట. అంతే.

అప్పుడు వసపిట్ట తన కుడిచేతిని చూసుకుంది. చిటికెన వేలు అరచేతిలోకి ముడుచుకుని ఉంది. తల్లి సంచులు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసేది. కూతురు పుట్టకముందే అక్కడి యంత్రంలో ఆ వేలు నలిగి, లోపలికి ముడుచుకుపోయి మళ్లీ తెరుచుకోలేదు. ఆ వేలు లేకుండానే తల్లి మాట్లాడింది. వేలు చేయలేనిది మూతి వంకరతోనో, కనుబొమలతోనో చెప్పుకొచ్చింది. ఆ చేతిని చూసే పిల్ల భాష నేర్చింది. చక్కటి వేలు ఉండి కూడా ముడుచుకునే మాట్లాడింది. ఇంట్లో ఆ యాస ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే మాట్లాడేది ఇద్దరే.

ఇక దారి లేక వసపిట్ట అడిగింది: "మంచిది కాదు అనడానికి మీరెలా చెప్తారు?"

మంచం మీది మనిషి చిటికెన వేలొక్కటి నిటారుగా లేపి చూపించింది. కొత్తగా నేర్చుకునే పిల్లకు చూపించినట్టు ఓపిగ్గా, ఇంకోసారి కూడా చూపించింది. వసపిట్ట వేలు లేవనని మొరాయించింది. ఎడమచేత్తో మిగతా వేళ్లను అదిమి పట్టి దాన్ని లేపింది. అవతలి మనిషి ఆ వేలి వంక చూసింది, తర్వాత డాక్టరు మొహం వంక చూసింది. ఆ మాట తనను ఎందుకు అడిగారో ఆవిడకు అప్పుడు తెలిసింది. తన వేలు ఇంకా గాల్లోనే ఉంది. మెల్లగా దించుకుంది.

డాక్టరు మొదటి నుంచీ మళ్లీ చెప్పింది. ఈసారి తొందర పడలేదు. వసపిట్ట తెలియని మాట దగ్గరల్లా ఆగి, అడిగి, తెలుసుకుని చెప్పింది. డాక్టరు వెళ్లిపోయింది.

"నీకెవరు నేర్పారు?" అని మంచం మీది మనిషే అడిగింది.

"మా అమ్మ."

"ఎక్కడుంది?"

"లేదు. పోయింది."

ఆవిడ తల ఊపింది. ఇది అర్థమై ఊపిన ఊపు. "పాతకాలం మాటలు నీవి. నాతో ఇందాకటి దాకా మాట్లాడింది మీ అమ్మ. నువ్విప్పుడే వచ్చావు."

ఇంటికి వెళ్లి వసపిట్ట మంచమెక్కి ముసుగు తన్నింది. వదిన వచ్చి పక్కన కూర్చుంటే, ముసుగు తీయకుండానే అంది. "నావల్ల కాదు వదినా. ఆ మాట ఆవిడ చేతే చెప్పించాను. ఆవిడ చావుకబురు ఆవిడ చేతే."

"చావుకబురు కాదులే. వైద్యం చేస్తే తగ్గే జబ్బే," అంది వదిన. "ఆపరేషన్ రోజున నువ్వే రావాలని ఆవిడ కాగితం మీద రాసి ఇచ్చింది. తప్పు చెప్తే తప్పని చెప్పే పిల్ల కావాలంది."

మర్నాటి నుంచి వసపిట్ట అద్దం ముందు కూర్చుని సాధన మొదలుపెట్టింది. వేలు నిలబెట్టి ఒక్కో మాటా మళ్లీ నేర్చుకుంది. మొదట్లో మణికట్టు దాకా లాగేది. తర్వాత తేలికైంది. తేలికవుతున్న కొద్దీ ఇంకో దిగులు పట్టుకుంది. సరిచేసిన ప్రతి మాటలోంచీ తల్లి లేచి వెళ్లిపోతోంది. నీళ్లు అనే మాట నుంచి వెళ్లిపోయింది. రేపు అనే మాట నుంచి వెళ్లిపోయింది. అన్నం మాట మాత్రం సరిచేయడానికి మనసొప్పలేదు. అయినా మధ్యాహ్నం ఎండ వాలి గోడ మీద తన చేతుల నీడ పడినప్పుడు, ఆ నీడకు చిటికెన వేలు ఉండేది కాదు. చెయ్యి తిప్పి తిప్పి చూసేది. చేతికి ఉన్న వేలు నీడకు లేదు. వెలుతురు పడే తీరు అంతేలే అని సర్దిచెప్పుకుని కిటికీ మూసేసేది. మూసిన గదిలో ఒంటరిగా కూర్చోబుద్ధి కాక మళ్లీ తెరిచేది.

ఆపరేషన్ అయింది. గడ్డ చెడ్డదేనని తేలింది, అయితే పాకలేదు. ఆ రెండు ముక్కలూ చెప్పింది వసపిట్టే. మొదటి ముక్కకు వేలు దానంతటదే నిటారుగా లేచింది. మంచం మీది మనిషి ఒక చేతికి సెలైన్ సూది ఉంది. రెండో చేత్తో వసపిట్ట వేలు పట్టుకుని కాసేపు వదల్లేదు.

ఆ తర్వాత ఇంకో వార్డు వాళ్లు పిలిచారు. ఒక బడివాళ్లు పిలిచారు, ఒక బ్యాంకువాళ్లు పిలిచారు. వెళ్లే ముందు ప్రతిసారీ, ఇంకొన్నాళ్లు నేర్చుకుని వెళ్తానని వదినతో అనేది. "వాళ్లకి ఇవాళ కావాలి, నీ కొన్నాళ్లు ఎవరిక్కావాలి," అనేది వదిన. తిట్టుకుంటూనే వెళ్లేది. తెలియని మాట వస్తే ఆగి అడిగేది. కొందరు విసుక్కున్నారు. ఒకాయన మళ్లీ పిలవలేదు.

కోలుకున్నాక బైండింగ్ ఆవిడ ఒక ఆదివారం ఆమెను, వినపడని తమవాళ్లు కలుసుకునే హాలుకు తీసుకెళ్లింది. లోపల చప్పుడే లేదు, కానీ అంతా మాటలే. ఇంతమంది చేతులు ఒక్కసారిగా కదలడం వసపిట్ట ఎప్పుడూ చూడలేదు. తల్లి కూడా చూడలేదు. తల్లికి ఈ హాలు ఉందని ఎవరూ చెప్పలేదు.

అక్కడ ప్రతి మనిషికీ ఒక గుర్తు ఉంటుంది. అదే పేరు. ఆమె ఊరికే నుదుటి మీది జుట్టు వెనక్కి తోసుకోవడం చూసి ఒక పెద్దాయన, నుదుటి మీద వేళ్లు జార్చి అదే నీ పేరన్నాడు. అందరూ ఆ గుర్తు చేసి ఆమెను పిలిచి చూశారు. ఆమె పలికింది. తల్లి పెట్టిన గుర్తు వేరు. చెంప మీద రెండు వేళ్లు ఆనించి తీసేది. ఆ పేరుతో పిలిచే మనిషి ఈ లోకంలో ఇంకెవరూ లేరు. ఆ సంగతి వాళ్లకు చెప్పాలనుకుంది కానీ చెప్పలేదు.

తిరిగి వస్తుంటే బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. సంచి ఒడిలో పెట్టుకుని, దాని చాటున ఎవరికీ కనపడకుండా చేతులు కదిపింది. నాకు వేరే పేరు పెట్టారమ్మా అని చెప్పింది. కొత్త గుర్తు చేసి చూపించింది. చేతులు ఒడిలోకి దించి, జవాబు కోసం వాటి వంకే చూస్తూ కూర్చుంది. దిగాల్సిన స్టాపు దాటిపోయింది.