దిద్దిన కనుబొమలు

నా తోడికోడలు నాకంటే నాలుగేళ్లు మాత్రమే చిన్నది. ఈ మాట ముందుగా చెప్పవలసి రావడానికి కారణం ఉంది. రెండేళ్ల క్రితం కెంచనగుడ్డలో బంధువుల ఇంట సీమంతం జరిగింది. కుంకుమభరిణె పట్టుకొని ముత్తైదువుల వరుస వెంట వస్తున్న ఆ ఇంటి కొత్తకోడలు మా ఇద్దరి ముందూ ఆగి, నా తోడికోడలి వైపు వంగి, “ముందు మీ అత్తమ్మకు పెడుదునా?” అని అడిగింది.

“అత్త కాదమ్మా, మా అక్క. మేమిద్దురం తోడికోడండ్లం,” అని ఆమె వెంటనే సరిదిద్దింది. నవ్వలేదు. నవ్వి ఉంటే ఆ నవ్వు మీద కోపం తెచ్చుకొని కొంత తేలికపడేదాన్ని. చుట్టూ ఉన్నవారంతా విననట్టు నటించారు.

అంతకు ఆరునెలల ముందు ఆమె బెంగళూరులో కళ్లకు శస్త్రచికిత్స చేయించుకున్నది. మా మరిదివి బండ్రి గనుల వైపు ఖనిజం తోలే లారీలు. ఏది కోరినా అడ్డు చెప్పేవారు లేరు. కనురెప్పల మీద ముడత పోయింది. కనుబొమలు మునుపే ఎత్తైనవి. రెప్పల బరువు తగ్గాక అవి మరింత తీరుగా కనబడసాగాయి. బళ్లారిలో పిల్లలకు ముప్ఫయ్యేళ్లు తెలుగు చెప్పినదాన్ని నేను. నాయిక కన్నులను ప్రాచీనులు ఏయే వస్తువులతో పోల్చారో అలంకారం వెంట అలంకారం విప్పి చెప్పాను. ఆ పోలికల్లో ఒక్కటైనా నా ముఖానికి అన్వయించినవారు లేరు. ఏమీ చదవని ఆమెకు అన్నీ చక్కగా అతికాయి.

కారులో తిరిగి వస్తుండగా ఆమే ఎత్తుకున్నది.

“అక్కా, నువ్వు శనివారం పురాణం చదివేటప్పుడు చూస్తాండా. రెప్ప చేత్తో ఎత్తిపట్టుకొని చదువుతాండావు. సుమ్నే, ఊరికే ఎందుకు బాధ? నా డాక్టరమ్మకు చూపిస్తాం పా.”

ఆమె చెప్పింది నిజమే. రెప్పల పైచర్మం జారి, పుట పైభాగాన ఉన్న పంక్తులను కప్పివేస్తున్నది. కాని నేను ఒప్పుకున్నది ఆ పంక్తుల కోసం కాదు. నాకు ఆమె కనుబొమలు కావాలి. ఇంతకంటే మర్యాదగా ఈ మాట రాయడం నాకు చేతకాదు.

వస్తూ నా పడుచుతనపు ఫొటో ఒకటి తెమ్మని వైద్యురాలు అన్నదట. అప్పటి ముఖంతో పోల్చి చూస్తేనే ఏది ఎంత దిగిందో తెలుస్తుందట. నా దగ్గర ఉన్నది ఒక్కటే, పెళ్లివారికి పంపడానికి మా నాన్న బ్రూస్‌పేటలోని స్టూడియోకు తీసుకుపోయి తీయించినది. ఆ రోజుల్లో పెళ్లిచూపులకు ముందు ఫొటో వెళ్లేది. స్టూడియో ఆయన నా ముఖం చూసి, “పాప నిద్రమొగంతో ఉండాది సామీ, నేను చూసుకుంటాలే,” అన్నాడు. సన్నని కుంచెతో ఫొటోలో నా కనుబొమలను చెరిపి, గోరంత పైన కొత్తవి గీశాడు. సంబంధం కుదిరింది. మా అత్తగారు బతికినన్నాళ్లూ వచ్చినవారికల్లా ఆ ఫొటో చూపి, “బొమలు స్టూడియోవి, వచ్చింది మాత్రం ఈయమ్మ,” అని నవ్వించేవారు. చిన్నకోడలి ఫొటో చూపేటప్పుడు ఆ మాట అనవలసిన పని ఆవిడకు కలగలేదు.

ఆ ఫొటోనే సంచిలో పెట్టుకొని వెళ్లాను.

వైద్యురాలు మా జిల్లా మనిషే కావడం వల్ల తెలుగే మాట్లాడింది. ఫొటోను బల్ల మీద ఉంచి, బొటనవేలితో నా కనుబొమను పైకి నెట్టి అద్దం చూపింది. అద్దంలో ఎవరో గొప్పింటామె కనబడింది.

“చూడండమ్మా, మీకు రెండు దారులు ఉండాయి. ఒకటి, రెప్ప మీద ఎక్కువైన చర్మం కోసి కుట్టేది. రెండు, నెత్తిన జుట్టులో కోసి కనుబొమనే పైకి లాగి నిలబెట్టేది. ఈ ఫొటో ప్రకారం మీ బొమలు బాగా దిగినాయి. రెప్ప ఒక్కటే కోస్తే ఇంకా బరువుగా కనిపిస్తారు. మీకు బొమలు ఎత్తడమే మేలు. ఈ ఫొటోలో ఉన్నట్టే కావల్ల కదా?”

ఔననడానికి నోరు తెరిచాను. పక్క కుర్చీలో నా తోడికోడలు కూర్చున్నది. ఆమెకు ఆ ఫొటో సంగతి నాకెంత తెలుసో అంతా తెలుసు. అయినా చేతిసంచి తెరిచి ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకున్నది.

ఆమె బయటపెట్టి ఉంటే, ఆమె మీది పంతంతో ఆ కనుబొమలే చేయించుకొని ఇంటికి వచ్చేదాన్ని. కాని ఆమె నాకు అవి వదిలివేసింది, తనకు చాలినన్ని ఉన్న మనిషి పక్కవారికి వదిలివేసినట్టు. ఆమె మౌనం మీద నిలబడిన ముఖంతో మిగిలిన ఆయుష్షంతా ఆమె ఎదుట కూర్చోవడం నావల్ల కాదనిపించింది.

“అవి గీసినవమ్మా,” అన్నాను. “నావి ఎప్పుడూ కిందనే.”

వైద్యురాలు ఫొటోను కిటికీ వెలుగులో వంచి చూసి నవ్వింది. “ఎంత పనైపోయేది! అయితే మీ బొమలు దిగలేదు. ఉన్నచోటే ఉండాయి. వాటిని ఎత్తితే దినమంతా ఏదో విని బెదిరినట్టు కనిపిస్తారు. రెప్ప మీద కొంచెం చర్మం తీస్తా, చాలు. చదువుకోను బాగుంటుంది.”

“అట్లే చేయండి,” అన్నాను. నా తోడికోడలు అప్పుడు చేతిసంచి మూసింది.

కుట్లు విప్పిన వారానికి వాపు తగ్గింది. పుట పైభాగాన ఉన్న పంక్తులు తిరిగి వచ్చాయి. శనివారం మా ఇంటి వసారాలో పురాణానికి ఎప్పటివలె పదిమంది ఆడవాళ్లు చేరారు. ఆమె ముందువరుసలో కూర్చొని, “ఇప్పుడు చానా బాగుండావక్కా,” అన్నది. మిగిలినవారు తలలు ఊపారు. ఊపి, అలవాటుగా ఆమె వైపు చూశారు.

పద్యం ఎత్తుకున్నాను. ఇదివరకు జారిన రెప్పల కింద నుంచి నాకు పుస్తకమూ, ఎదుటివారి చీర కుచ్చిళ్లూ మాత్రమే కనబడేవి. ఆమె ముఖం చూడాలంటే తల ఎత్తవలసి వచ్చేది, అందువల్ల చూడకుండా ఉండగలిగేదాన్ని. ఇప్పుడు తల వంచి చదువుతున్నా, పుట అంచు దాటి ఆ ముఖమంతా స్పష్టంగా ఎదుట నిలుస్తున్నది. ఆమె రెప్ప మడతలో దారమంత సన్నని కోత మచ్చ సైతం కనబడుతున్నది. అది కూడా ఆమెకు అందంగానే ఉంది.

మూడో పాదం తప్పాను. ఎవరూ గమనించలేదు. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాను.