మణికట్టుకు కట్టిన పట్టీ

ఎల్లారెడ్డిలో మా అమ్మ ముప్పై ఏండ్లుగా బీడీలు చుడుతోంది. ఈ మధ్య కుడి ముంజేయి గుంజుతోందనీ, పొద్దున లేవగానే వేళ్లు తెరుచుకోవడం లేదనీ అంది. నేను కామారెడ్డిలో ఫిజియోథెరపిస్టును. సెలవు రోజు బస్సెక్కి వెళ్లాను.

ఆమె ముంజేతి లోపలి వైపు నొక్కి చూపించాను. వేళ్లను మడిచే కండ వేళ్లలో ఉండదు. ఇక్కడ, మోచేతి కింద మొదలై, నాలుగు తాళ్లుగా చీలి, మణికట్టు దాటి వేళ్ల కొసల దాకా పోతుంది. బీడీ మూతి మలిచిన ప్రతిసారీ లాగేది ఇదే. అందుకే నెల రోజులు దీనికి రెస్టు కావాలని చెప్పాను.

"కూసోని చేసే పనే గదా బిడ్డా, ఇంక రెస్టు ఏంది?" అంది, ఒళ్లోని బీడీ ఆకు, తంబాకుల చాట దించకుండానే.

ఎన్నిసార్లు చెప్పినా అదే మాట. ఒళ్లు మండింది. చేయి కదలకపోతే తనే మానేస్తుందనుకుని, మణికట్టును కాస్త వెనక్కి వంచి గట్టి పట్టీ కట్టి వచ్చేశాను.

రెండు వారాలకు మళ్లీ వెళ్లాను. పట్టీ తంబాకు మరకలతో నల్లబడింది. చాట ఒళ్లోనే ఉంది.

"పట్టీ మంచిగున్నది బిడ్డా. వేళ్లకు పట్టు దొరుకుతున్నది. ముందటి కన్నా రెండు కట్టలు ఎక్కువనే అయితున్నయి."

మణికట్టు కాస్త వెనక్కి వంగి ఉంటే వేళ్ల పట్టు బలపడుతుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నది నేనే. విప్పుదామని చేయి పట్టుకున్నాను. ఆమె లాక్కుంది.