ఇంగ్లండును గెలిచిన మా గల్లీ

మా అత్త నన్ను మెచ్చుకున్నది ఒక్కటే సారి. అది గూడ నా మొఖం మీద కాదు, ఎవరో తెలువని పిల్లకు చెప్పింది. అత్త మంచి, వేప తీపి లేవంటరు కద, అందుకే ఆ దినం నేను మస్తు మురిసిపోయిన. ఆ మెప్పే మా నెత్తికి చుట్టుకుంటదని నాకేమెరుక?

మాది కామాటిపుర. మా ఆయన తాతలు పాలమూరు దిక్కు నుంచి వచ్చి ఈ ఊరికి రాళ్లు మోసినోళ్లు. ఇప్పుడు మా చాల్ బిల్డింగుల పోరగాండ్లు మరాఠీలనే కొట్లాడుకుంటరు గని, అత్త మాత్రం తెలుగు ఇడువలే. ఆమెకు షుగర్. కాలి బొటనవేలి కింద పుండు లేచి మానుతలేదు. గల్లీ చివరన మున్సిపాలిటీ దవాఖాన ఉన్నది. నా భుజం పట్టుకొని మెల్లగ మెట్లు దిగి, ఆడిదాక నడిచి, పట్టీ కట్టించుకొని వచ్చేది. పట్టీ తప్పకుండ మారిస్తేనే కాలు నిలుస్తదని డాక్టరమ్మ మొదలే చెప్పింది.

ఒకనాడు చేతుల ట్యాబ్ పట్టుకొని ఒక పిల్ల మా ఒంటిగది ఖోలీకి వచ్చింది. హైదరాబాద్‌ల చదివిందట. వేరే దేశాలల్ల దవాఖానలు ఎట్లున్నయి, మన దగ్గర ఎట్లున్నయి అని పోల్చి చూసి, తక్కువున్న కాడ బాగుచేస్తరట. మంచి పనే అనుకొని చాయ్ పెట్టిన. ఆ పిల్ల పుస్తకం తెలుగుల అడిగింది: "అమ్మా, గడచిన ఏడాదిలో మీకు అందిన సేవతో మీరు ఎంతవరకు తృప్తి చెందారు?"

మా తెలుగుల సేవ అంటే ఇంట్ల చేసేది. ముసలోళ్లకు నీళ్లు పోసుడు, కాళ్లొత్తుడు, లేపి కూసోబెట్టుడు. దవాఖానల చేసేదాన్ని మాలో ఎవ్వరూ సేవ అనరు. దాన్ని చూసుడంటం. డాక్టర్ మంచిగ చూసిండు, లేకుంటే చూడలే, గంతే. అత్త నా దిక్కు ఒకసారి చూసింది. నేను స్టవ్ కాడనే ఉన్న. ఇంట్ల ఎన్ని కొట్లాటలున్నా, బయటి పిల్ల ముంగట ఇంటి ఇజ్జత్ తీసుకుంటదా?

"మస్తు తృప్తి బిడ్డా. బంగారమసొంటి సేవ. కన్నబిడ్డ గూడ ఇట్ల చెయ్యది" అన్నది.

ఆ పిల్ల నవ్వుకుంట ట్యాబ్ మీద ఏందో నొక్కింది. చాల్ మొత్తం గట్లనే నడిచింది. ఏ ఖోలీల చూసినా కోడలు పక్కనే ఉన్నది, ఏ అత్తను అడిగినా బంగారమే.

కొన్ని నెలలకు దవాఖానల పట్టీలు కట్టే గది బంద్ పెట్టిన్రు. మీ గల్లీలల్ల జనానికి ఏ కొరతా లేదని సర్వేల తేలింది, అందుకే సిస్టర్‌ను వేరే కాడికి పంపినం అన్నరు. పట్టీకి పెద్దాసుపత్రికి పోవాల్నట. గంత దగ్గరికి ట్యాక్సీవాలా రాడు, బస్సు మెట్టు అత్త ఎక్కలేదు. నాకొచ్చినట్టు ఇంట్లనే కట్టిన. వేలు నల్లబడ్డది. ఎట్లనో అట్ల పెద్దాసుపత్రికి తీస్కపోతే, ఇంక ఆలస్యం చేస్తే కాలే తియ్యాల్సొస్తదని డాక్టర్ అన్నడు. నాకు ఏడుపు రాలే. ఒళ్లు మండింది.

గప్పుడే ఆ సర్వే చేసినోళ్లు హాల్‌ల మీటింగ్ పెడ్తున్నరని తెలిసింది. కింద వర్క్‌షాపోళ్లను అడిగి, అత్తను వాళ్ల తోపుడుబండి మీద కూసోబెట్టి తీస్కపోయిన. జనం చూస్తే చూడనియ్!

తెర మీద దేశాల పేర్లున్నయి. సేవతో తృప్తి అన్న దాంట్ల మా కామాటిపుర ఇంగ్లండ్ కంటే మీదున్నది! మైకు పట్టుకున్న సారు మురిసిపోతున్నడు, ముందలోళ్లు చప్పట్లు కొడ్తున్నరు. తర్వాతి బొమ్మల ఏదో దేశంల ఒక నర్సు సంచి ఏసుకొని ముసలాయన ఇంటికే పోయి పట్టీ కడ్తున్నది. అది చూసినంక నేను ఆగలేదు, లేచి నిలబడ్డ.

"సార్, మా అత్తలు మెచ్చుకున్నది మమ్ముల, కోడండ్లను! మీ దవాఖానను కాదు!"

ఎన్క కూసున్న ఆడోళ్లు పక్కున నవ్విన్రు. సారుకు సమజ్ కాలే. సేవంటే ఏందో, చూసుడంటే ఏందో ఇడమర్చి చెప్పిన. "ఇంటికొచ్చి పట్టీ కట్టే ఆ నర్సును చూసినంక గూడ మనమే గెలిచినమంటరా? పోల్చుడంటే మంచిది చూసి తెచ్చుకునుడు గదా సార్, మురుసుడా?" అని అడిగిన.

సారు నెమ్మదిగనే అన్నడు: "అమ్మా, అన్ని దేశాల్లోనూ ఇదే ప్రశ్న అడిగాం. ఇప్పుడు ఒక్కచోట మారిస్తే పోలిక చెడిపోతుంది."

"పోలిక చెడిపోతదా? ఈడ మా అత్త కాలు చెడిపోతున్నది!"

నా నోట్లె మాట నోట్లెనే ఉన్నది, అత్త కుర్చీల వంగి తన పట్టీ తనే ఇప్పుతున్నది. వాసన ముందు వరుస దాక పోయింది. "ఆ ఇంగ్లండ్ ముసల్దాన్ని తోల్కరాండ్రి" అన్నది. "ఆమె కాలు నా కాలు పక్కన పెట్టుండ్రి. పెట్టి పోల్చుండ్రి."

మా ఖోలీకొచ్చిన ఆ పిల్లనే లేచొచ్చి, అత్త కాళ్ల కాడ కూసొని, "నొప్పిగా ఉందా అమ్మా?" అని అడిగింది.

"నొస్తలేదు బిడ్డా. గదే నాకు భయమైతున్నది."

ఇన్నేండ్లల్ల అత్త నోట భయమన్న మాట నేనెన్నడూ వినలే. ఏడుపు నాకు గప్పుడొచ్చింది.

ఆ మీటింగ్ తర్వాత గల్లీ ఆడోళ్లందరం రోజూ పొద్దుగాల దవాఖాన మెట్ల మీద కూసున్నం. లెవ్వుమంటే లేవలే. ఆఖరికి గది తెరిచిన్రు, సిస్టర్ ఎన్కకొచ్చింది. గని అంతలోపలే అత్త వేలు తీసేసిన్రు. కాలు దక్కింది.

మొన్న ఆ పిల్ల మళ్ల వచ్చింది. ఈసారి మా మాట నేర్చుకొనే వచ్చింది: "అవ్వా, దవాఖానల నిన్ను మంచిగ చూస్తున్నరా?"

అత్త కాలు ముందుకు చాపింది. "మొదలు వేలు పోయిందని రాస్కో బిడ్డా. తర్వాత ఏం అడుగుతవో అడుగు."