రెండు వేళ్ల పాట

కాగితం మీది సంగీతాన్ని మూడు రకాలుగా చదవడం నేర్చుకున్నాను. మూడోది రాకపోయినా బాగుండేదని ఇప్పటికీ ఒక్కోసారి అనిపిస్తుంది.

మొదటిది చర్చి పాటల పుస్తకంలోది. డో, రే, మీలకు ఒక్కో అక్షరం రాసి ఉండేది. బోధన్ చర్చిలో అక్క పక్కన నిలబడి పాడుతూనే అది పట్టేశాను. ఊరు విడిచి వెళ్లిపోతున్న ఒక తెల్ల దొరసాని అక్కకు తన గిటారు ఇచ్చింది. అక్క దాన్ని నన్ను తాకనిచ్చేది కాదు. నేను ముట్టుకుంటే తీగలు తుప్పు పడతాయట!

తర్వాత అక్కకు కుష్ఠు వచ్చింది. డిచ్‌పల్లి దవాఖానలో ఉంచారు. అమ్మను మేం అవ్వ అనేవాళ్లం. అవ్వ, బాపు వెళ్లి చూసి వచ్చేవాళ్లు. చిన్నదాన్నని నన్ను ఒక్కసారి కూడా తీసుకెళ్లలేదు. ఆ కోపం నాకు ఇంకా పోలేదు. ఒక వానకాలం అక్క విషజ్వరంతో చనిపోయింది. బాపు గిటారు ఇంటికి తెచ్చాడు. దాని సంచిలో ఒక కాగితం ఉంది, అక్క సొంతంగా కట్టిన పాట. ఆరు గీతలు, వాటి మీద అంకెలు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

అవ్వది రోజూ ఒకటే మాట. "దాని పాట ఒక్కసారి ఇనిపియ్యి బిడ్డా. దాని గొంతు గూడ యాదికొస్తలేదు నాకు."

షుగర్ ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో ఒక ముసలి బ్యాండు మాస్టరు ఉండేవాడు. ఆయన దగ్గరికి కాగితం పట్టుకెళ్లాను. ఒక్కో గీత ఒక్కో తీగ, దాని మీది అంకె ఏ మెట్టు నొక్కాలో, కింది చిన్న అంకె ఏ వేలితో నొక్కాలో చెబుతుందన్నాడు. చిన్న అంకెలన్నీ ఒకట్లూ రెండ్లే. అంటే చూపుడు వేలు, నడిమి వేలు.

"గిదేం రాత బేటీ? నాలుగు వేళ్లుండంగ రెండిటితోని ఎవరన్న వాయిస్తరా? తప్పు రాసింది," అని పాటనంతా ఐదు గీతల మీదికి ఎక్కించి ఇచ్చాడు.

ఆ చుక్కల రాత రెండోది. ఏ స్వరమో చెబుతుంది, వేళ్ల సంగతి మన ఇష్టానికి వదిలేస్తుంది. ఆ ఏడు తెలంగాణ గొడవలతో బడి మూసేశారు, నాకు కావలసినంత తీరిక. చుక్కలు గీతలెక్కి దిగుతుంటే కళ్లు తిరిగేవి. చివరికి ఎక్కడా తడబడకుండా వాయించి అవ్వకు వినిపించాను.

"మంచిగున్నది. గని గిది నీ పాట బిడ్డా, దానిది గాదు."

ఒళ్లు మండిపోయింది. అవ్వ వంటింట్లోకి వెళ్లగానే అక్క కాగితం ముందు పెట్టుకుని, ఉన్నది ఉన్నట్టు రెండు వేళ్లతోనే మొదలుపెట్టాను. మెట్లు దూరదూరంగా ఉన్నాయి. వేలు అక్కడికి పాకేలోపు పాట ఆగేది, మళ్లీ నడిచేది. ఉంగరపు వేలు, చిటికెన వేలు అడ్డొస్తుంటే అరచేతిలోకి ముడుచుకున్నాను.

అప్పుడు నా చెయ్యి చూసుకున్నాను. ఆ రోగం చాలామందికి ముందు మొద్దుబార్చి వంచేది ఆ రెండు వేళ్లనే. అక్క తప్పు రాయలేదు. తనకు మిగిలిన వేళ్లు రాసింది. నేను చదవడం నేర్చిన మూడో రాత అదే. ఆ చెయ్యి నాది కాదనిపించింది. చచ్చేంత భయమేసింది, అయినా ఆపలేకపోయాను.

అవ్వ పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. "గిదే! గిట్లనే ఆగి ఆగి వాయించేది!"

అంతలో నా ముడుచుకున్న వేళ్లు ఆమె కంట పడ్డాయి. గిటారు పక్కకు తోసేసి, వాటిని పట్టి గుంజింది. "నొప్పి లేస్తున్నదా?"

"లేదవ్వా."

అవ్వ ముఖం పాలిపోయింది. "అది గూడ గిట్లనే అన్నది. ఉడుకు గంజి చేతుల మీద పడ్డనాడు గూడ లేదనే అన్నది."

ఊరికే ముడుచుకున్నానని చెప్పబోయేలోపే నా చిటికెన వేలిని గట్టిగా గిచ్చింది. కెవ్వుమన్నాను.

"ఒర్రు బిడ్డా," అంది అవ్వ ఏడుస్తూ, రెండో వేలు గిచ్చుతూ. "ఇంకా గట్టిగ ఒర్రు."

వాడంతా వినేలా అరిచాను.