ఒంటికాలి పిట్టలు

తివాచీల కొట్టులో చిరుగులు బాగుచేసే అత్త, ఏ తివాచీ వచ్చినా ముందు బోర్లా తిప్పి, కళ్ళు మూసుకుని ముడులు తడుముతుంది. ఆమెకు పని నేర్పిన అక్కది ఎడమచేతి వాటం. మోచేతులు తగలకుండా తనకు ఎడంపక్కన వేసుకున్న అక్క పీట, ఆవిడ పోయి ఏళ్ళయినా అక్కడే ఉంది. దాని మీద ఎవరినీ కూర్చోనివ్వదు.

ఒకరోజు పర్షియా సంచారజాతి వాళ్ళు నేసిన తివాచీ ఒకటి వచ్చింది. గరుకు ఉన్ని, దానిమ్మగింజల ఎరుపు. సగం దాటాక ఆ ఎరుపు ఇటుకరంగులోకి తిరిగింది. అంచు పొడవునా పిట్టలు, అన్నిటికీ ఒంటికాలే. కొట్టు నడిపే మేనల్లుడు ఎలుక కొరికిన పిట్టను చూపించి, "దీనికైనా రెండు కాళ్ళు పెట్టు అత్తా. నేసినవాళ్ళకి పిట్ట వెయ్యడం రానట్టుంది" అన్నాడు.

"కింద సగం ముడులు వదులు, పైసగం బిగువు. మధ్యలో చెయ్యి మారిందిరా. మొదలుపెట్టినావిడ పూర్తిచెయ్యకుండానే పోయినట్టుంది. తర్వాత కూర్చున్నావిడ మంచి పనిమంతురాలు."

"మరి ఆవిడైనా రెండోకాలు వెయ్యొచ్చుగా?"

"వేస్తే, ముందావిడ పిట్టలు కుంటివని తేలిపోవూ?"

అత్త అక్క పీట వైపు తిరిగి, సూదిలో దారం ఎక్కించి, ఆ పిట్టకు ఒక్క కాలే కుట్టింది. మేనల్లుడు ఆమె చేతినే చూస్తూ ఉండిపోయాడు. సూది ఎడమచేతిలో ఉంది, కుడిచెయ్యి ఖాళీ పీట మీద ఉంది.